తాళం వేసిన టేపులు

మా ముత్తాత ఊరి శిస్తు వసూలు చేసే మాలీ పటేల్, మా తాత మాలీ పటేల్. ఆ రోజుల్లో ఊళ్లోవాళ్లు పట్టా కాగితాలు మా ఇంటి ఇనుప పెట్టెలో దాచుకునేవారు. పటేల్ తాళం వేశాక తీసి చూపించమని అడిగినవాళ్లు లేరు. నా వంతు వచ్చేసరికి పటేలగిరీ పోయింది, భూమి పోయింది, పెట్టె మిగిలింది. నేను పటాన్‌చెరులో ఒక పంపుల ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను (ఇంట్లో మాత్రం ఆఫీసరని చెప్పాను).

కార్మికుల హాజరు వివరాలను రోజూ టేపు మీదికి బ్యాకప్ తీసి భద్రపరచడం నా పని. టేపు మూలన చిన్న మీట ఉండేది. దాన్ని జరిపితే టేపుకు తాళం పడినట్టే, దానిమీద ఇంకేదీ ఎక్కదు. ఏ వస్తువునూ తాళం లేకుండా ఉంచడం మా ఇంట్లో అలవాటు లేదు కనుక, కొత్త టేపు కవరు విప్పగానే మీట జరిపి, ఆ తర్వాతే మెషిన్‌లో పెట్టేవాణ్ణి. తెరమీద ఏదో ఇంగ్లీషులో అభ్యంతరం వచ్చేది. ఎదురు మాట్లాడేవాళ్లకు జవాబివ్వడం మా వంశంలో లేదు; ఎంటర్ కొట్టి, టేపుమీద తేదీ వేసి, బీరువాలో పెట్టేవాణ్ణి.

బీరంగూడ నుంచి వచ్చే, కార్మికుల హాజరు వేసే టైమాఫీసు అక్క ఒకసారి అడిగింది. "పటేలా, టేపుల్లది మల్ల వాపస్ వస్తదా? ఒక్కసారన్న ఎక్కిచ్చి సూసినవా?"

"మా తాత పెట్టెను ఎవరన్న తీసి చూసిన్రా అక్కా?"

"మీ తాత సంగతి నాకెందుకు? పర్మనెంట్ కావాల్సినోళ్ల హాజరంత అండ్లనే ఉన్నది."

వారం తిరక్కుండానే హార్డ్ డిస్క్ పోయింది. పర్మనెంట్ జాబితా నెలాఖరుకు పంపాలి. మేనేజరు ఒక్కొక్క టేపే పెట్టించాడు. అన్నీ ఖాళీ. చివరిదాని మీటను గోటితో కదిపి చూసి, "తాళం మాత్రం గట్టిగ ఏసినవ్" అన్నాడు.

అప్పుడు అక్క తన బీరువాలోంచి చేత్తో రాసుకున్న రిజిస్టర్లు తెచ్చి నా ముందు పడేసింది. "నీమీద నమ్మకం లేక గాదు పటేలా..." అని ఆగి, "లేకనే" అంది.

పది రోజులు ఆమె చదివింది, నేను కొట్టాను. "జల్దీ కొట్టు, వేళ్లకు గూడ తాళమేసినవా?" అంటూనే ఉంది. జాబితా వేళకు వెళ్లింది, అందరూ పర్మనెంట్ అయ్యారు. నా ఉద్యోగం ఒక షరతు మీద నిలిచింది: ప్రతి శనివారం ఒక టేపును వేరే కంప్యూటర్‌లోకి ఎక్కించి, అక్కకు చూపించి, ఆమె సంతకం తీసుకోవాలి. మా వంశంలో పెట్టె తెరిచి చూపించి సంతకం అడిగిన మొదటివాణ్ణి నేనే. మెడ వంచకుండా రిజిస్టరు అందించేవాణ్ణి. ఆమె నవ్వకుండా సంతకం పెట్టేది. అప్పటి ఆ మెడను తలచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, కాస్త జాలీ వేస్తుంది.

చాలా ఏళ్లకు ఇంట్లో పెట్టెనూ తెరిచి చూశాను. ఒక్క కాగితం లేదు. సంగారెడ్డిలో పాత ఇనుము కొనే సేటుకు తూకానికి అమ్మేశాం.