పట్టిసీమ తీర్థంలో మా మరమ్మతుల డేరా

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఇంజనీరింగ్ పట్టా ఉన్నవాళ్ళకి చేతకాని పని లోకంలో లేదన్నది ఒకటి. మనం చేసిన పని బాగుందని పదిమంది అంటే అది బాగున్నట్టేనన్నది రెండోది. మొదటి దానికి చిన్నతనం అని సర్ది చెప్పుకోవచ్చు. రెండోది మాత్రం గోదావరి జిల్లాల్లో పుట్టిన మనిషి కలలో కూడా నమ్మకూడని మాట. మా వైపు పెళ్ళిలో పప్పు మాడితే "అబ్బ, ఎంత బాగుందండీ, కాస్త వాసనొచ్చిందంతే" అంటారు తప్ప మాడిందని మాత్రం అనరు. ఎదుటి మనిషి మొహం చిన్నబోవడం చూసే కంటే మాడిన పప్పు మారు వడ్డించుకు తినడం మాకు తేలిక. ఇరవై మూడేళ్ళొచ్చినా నాకీ సంగతి తలకెక్కలేదంటే నా తెలివి ఏపాటిదో మీరే ఊహించుకోండి.

మా నాన్నకి కొవ్వూరు బస్టాండు పక్కన రిపేరు షాపు ఉండేది. రేడియోలతో మొదలుపెట్టారు కాబట్టి ఊరందరికీ ఆయన 'రేడియోగారు'. రేడియోలు పోయి టేపురికార్డర్లొచ్చాయి, అవీ పోయి మిక్సీలూ గ్రైండర్లూ వచ్చాయి, ఆయన మాత్రం రేడియోగారుగానే ఉండిపోయారు. నేను రేడియోగారి అమ్మాయిని. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పాసై, రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీలో టెంపరరీ లెక్చరర్‌గా చేరాక కూడా, బస్సెక్కితే కండక్టరు "రేడియోగారి అమ్మాయండీ, కాస్త సీటివ్వండి" అని అరిచేవాడు. సీటు దొరికిందని సంతోషించాలా? నాకు ఒళ్ళు మండిపోయేది. నన్నందరూ 'మేడమ్‌గారు' అనాలి. అనాలంటే ఉద్యోగం పర్మనెంటు కావాలి. అది మా కాలేజీ చైర్మన్‌గారి చేతిలో ఉంది.

ఇలా ఉండగా ఫోన్లో ఒక వీడియో చూశాను. ఏదో చల్లటి దేశంలో చదువుకున్నవాళ్ళు కాఫీ తాగుతూ, ఇరుగుపొరుగుల పాడైన సామాన్లు ఉచితంగా బాగుచేస్తున్నారు. మర్నాడే చైర్మన్‌గారికి చెప్పాను. నేను 'ఉచితం' అనగానే ఆయన మొహం ముడిచి, 'ఫొటోలు' అనగానే విప్పారు.

"శివరాత్రికి పట్టిసీమ తీర్థంలో పెడదామమ్మా! ఇసకేస్తే రాలనంత జనం. నువ్విది సక్సెస్ చేశావంటే జూన్ నించీ పర్మనెంటే. తేడా వచ్చిందనుకో..." అని ఆపి, సీలింగు ఫ్యాను వంక చూశారు. నాకు అర్థమైంది.

దారి పొడుగునా ఫ్లెక్సీలు కట్టించాం. ఒక్కోదాంట్లో చైర్మన్‌గారు నిలువెత్తున దణ్ణం పెడుతుంటారు, ఆయన మోచేతి కింద చిన్న స్క్రూడ్రైవరు. 'రిపేర్ కఫే. పాడైన సామాన్లు తీర్థానికి తెచ్చుకోండి.' (కఫే అన్నాం కాబట్టి కాఫీ పోయాలా, ఉపవాసం ఉన్నవాళ్ళు కాఫీ తాగొచ్చా అని మా కమిటీ రెండు రోజులు చర్చించింది. రిపేరు ఎవరు చేస్తారన్న చర్చ మాత్రం ఎప్పుడూ రాలేదు.) నాన్న ఈ సంగతి విని, చేతులు తుడుచుకుంటూ, "నేనూ వచ్చి కూచోనామ్మా? ఆ పూటకి షాపు కట్టేస్తాను" అన్నారు.

"వద్దులే నాన్నా. అక్కడికి అందరూ ఇంజనీర్లే వస్తున్నారు."

"అలాగేలే తల్లీ" అన్నారాయన, మళ్ళీ పనిలో పడుతూ. ఆ మాట అన్నందుకు నాకప్పుడు చీమ కుట్టినట్టయినా లేదు.

శివరాత్రి పొద్దున్న, లాంచీ రేవుకి పైన ఇసకలో డేరా వేశాం. నేనూ, ముగ్గురు తోటి లెక్చరర్లూ, మెడలో బ్యాడ్జీలూ. ప్రారంభోత్సవానికి చైర్మన్‌గారు వాళ్ళింట్లో మిక్సీ తెచ్చారు. శుభ్రంగా పనిచేస్తున్న మిక్సీయే. మేం దాన్ని బాగుచేసినట్టూ, అది తిరిగినట్టూ వీడియో తియ్యాలి, అదీ ఏర్పాటు. అంతా బాగానే ఉంది గానీ, అందులో ఏం వెయ్యాలన్నది ఆలోచించలేదు. "శుభమా అని మొదలుపెడుతున్నాం, పసుపు కొట్టడం కంటే మంచిదేముంది?" అన్నారు చైర్మన్‌గారు. గుప్పెడు పసుపు కొమ్ములు తెప్పించి జార్లో వేయించారు. పెళ్ళిళ్ళలో ఐదుగురు ముత్తయిదువలు రోకలి పట్టుకుని దంచే కొమ్ములవి. మిక్సీ ఒకసారి గుర్రుమంది, రెండోసారి మూలిగింది, మూడోసారి ఊరుకుంది. వీడియో తీసేవాడు మర్యాదగా ఫోను దించేశాడు.

"సాయంత్రానికి బాగుచేసి ఉంచండి. అది మా ఆవిడ పుట్టింటివాళ్ళిచ్చిన మిక్సీ" అన్నారు చైర్మన్‌గారు నవ్వుతూనే. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆ క్షణం నించీ నా పర్మనెంటు ఆ జార్లో పసుపు కొమ్ములతో పాటు ఇరుక్కుపోయింది. ముగ్గురు లెక్చరర్లూ మిక్సీని విప్పి, దాని చుట్టూ కూచుని, మోటారు గురించి వాదించుకోవడం మొదలుపెట్టారు. జనాన్ని నాకొదిలేశారు.

జనమంటే జనమా! నెత్తిన గ్రైండరు పెట్టుకుని శివదర్శనానికొచ్చిన మనుషుల్ని ఆ రోజే చూశాను. ఒకావిడ నా సాల్డరింగు పొగని హారతిలా రెండు చేతులా కళ్ళకద్దుకుంది. ఉన్న జనరేటరు కరెంటు మైకుకీ, చైర్మన్‌గారి కూలరుకీ, నా సాల్డరింగుకీ సరిపోయింది. బాగుచేసినవి పనిచేస్తున్నాయో లేదో పెట్టి చూసే వీల్లేదు. వైరు బిగించడం, "ఇంటికెళ్ళి ప్లగ్గులో పెట్టుకోండి" అనడం, ఒక అట్టముక్క చీటీ మీద 'ఉచితంగా బాగుచేయబడినది' అని రాసి సంతకం పెట్టి సామానుకి కట్టడం. ఆ చీటీల ఆలోచన నాదే. దానికి నేనెంత మురిసిపోయానో! ఒక రైతు గొడుగు బాగుచేశాను. తెరుచుకుంది గానీ మరి మూసుకోలేదు. "పర్లేదండి, ఎండగానే ఉంది కదండీ" అని దాన్ని అలాగే పట్టుకుని వెళ్ళిపోయాడు. చేపలమ్ముకునే ఒక పెద్దావిడ టార్చిలైటు నొక్కి, లోపలికి తొంగిచూసి, "పగలు కదండీ, మనకి ఆనట్లేదు గానీ, ఎలుగుతానే ఉండుంటదండి" అని నాకే ధైర్యం చెప్పింది. డేరా గుమ్మంలో పెట్టిన అభిప్రాయాల పుస్తకం నిండా 'చాలా బాగుంది', 'బహు బాగుంది'. నేను నిజమే అనుకున్నాను. దేవుడి తోడు, నిజమే అనుకున్నాను!

సాయంత్రానికి అన్నీ అయ్యాయి, మిక్సీ ఒక్కటే కాలేదు. చైర్మన్‌గారు కారెక్కుతూ నన్ను పిలిచారు. "రేపు పదకొండింటికి కమిటీ మీటింగమ్మా. ఈలోగా మిక్సీ ఇంటికి చేర్చు. నీ సంగతి ఆ తరవాత మాట్లాడదాం."

ముగ్గురు లెక్చరర్లూ మిక్సీని ఒక బియ్యం సంచిలోనూ, దాని స్క్రూలు ఒక కాగితం పొట్లంలోనూ కట్టి నా చేతిలో పెట్టి, "ఆల్ ది బెస్ట్ మేడమ్" అన్నారు. ఇక నేనెక్కడికి పోను? పొద్దున్నే సంచి పట్టుకుని నాన్న షాపు మెట్లెక్కాను. ఎక్కినదాన్ని ఎక్కినట్టే నిలబడిపోయాను. బల్లల మీదా, అరల్లోనూ, కింద నేల మీదా సామాన్లు. ప్రతిదానికీ ఒక అట్టముక్క. ప్రతి అట్టముక్క మీదా నా గుండ్రటి చేతిరాత. 'ఉచితంగా బాగుచేయబడినది.' ఆ గొడుగు కూడా ఉంది, తెరుచుకునే.

"ఇవన్నీ... ఏంటి నాన్నా?"

"తీర్థం నించి వచ్చినవాళ్ళు ఇక్కడే కదమ్మా బస్సు మారేది. ఓసారి ప్లగ్గులో పెట్టి చూడండని నిన్న మధ్యాహ్నం నించీ తెచ్చిస్తున్నారు."

"నన్నేమన్నారు?"

"ఏమంటారు? మేడమ్‌గారు చాలా బాగా చేశారండీ, కాస్త పనిచెయ్యట్లేదంతే, అన్నారు."

కోరుకున్న పిలుపు వచ్చింది. వచ్చిన తీరు చూస్తే నేలలోకి కుంగిపోవాలనిపించింది. "వీటికి డబ్బులు తీసుకుంటున్నావా?" అన్నాను.

"ఉచితం అని నువ్వు సంతకం పెట్టావు కదమ్మా. నీ సంతకం ఉన్నాక నేనెలా పుచ్చుకుంటాను?"

నాకు ఏడుపు ఆగలేదు. 'అందరూ ఇంజనీర్లే వస్తున్నారు' అన్న నా మాట నాకే వినపడింది. నాన్న అదేమీ గమనించనట్టు సంచి విప్పి, మిక్సీ భాగాలు వరసగా పేర్చుకుని బిగించడం మొదలుపెట్టారు. "ఏం వేశారమ్మా ఇందులో?"

"పసుపు కొమ్ములు."

"మిక్సీలోనా! రోకలి ఏం పాపం చేసింది?"

"శుభమని..."

నాన్న నవ్వాపుకుంటూ మిక్సీని బోర్లించి, అడుగునున్న చిన్న ఎర్ర బొత్తాం బొటనవేలితో నొక్కారు. ప్లగ్గు పెట్టి తిప్పగానే గుయ్యిమంది. "బరువెక్కువైతే దానంతటదే ఆగిపోతుందమ్మా, మోటారు కాలకుండా. కాసేపు ఆగి దీన్ని నొక్కితే సరి. విప్పక్కర్లేదు." ఆ ఏర్పాటు గురించి ఆ ఏడాదే సెకండియరు పిల్లలకి నెల రోజులు పాఠం చెప్పాను, బొమ్మలతో సహా. బొత్తాం ఎక్కడుంటుందో మాత్రం పుస్తకంలో లేదు.

మిక్సీ పదింటికే చైర్మన్‌గారింటికి చేరింది. పదకొండింటికి ఆయన అభిప్రాయాల పుస్తకం తిరగేసి, "ఒక్కరు కూడా బాగాలేదన్లేదమ్మా!" అని ఆశ్చర్యపోయి, నన్ను పర్మనెంటు చేశారు. నిజం చెప్పాల్సింది. దణ్ణం పెట్టి ఆర్డరు పుచ్చుకున్నాను. మరుసటి ఏడాది మాత్రం తీర్థానికి నాన్నని బతిమాలి తీసుకెళ్ళాను. ఆయన కుర్చీలో కూచుని బాగుచేశారు, మేం నలుగురం పక్కన నిలబడి స్క్రూలు అందించాం.

మొన్నీమధ్య మోటార్ల క్లాసయ్యాక ఒక అమ్మాయి నా దగ్గరికొచ్చింది. "చాలా బాగా చెప్పారు మేడమ్. కాస్త అర్థం కాలేదంతే" అంది. నాకు ఒక్కసారిగా ఆ షాపూ, ఆ చీటీలూ కళ్ళముందు తిరిగాయి. మర్నాడు అదే పాఠం మళ్ళీ చెప్పడానికి మా ఇంట్లో మిక్సీ చంకన పెట్టుకుని బస్సెక్కాను. కొత్త కండక్టరు నా బ్యాడ్జి చూసి, "మేడమ్‌గారికి సీటివ్వండి" అన్నాడు. "రేడియోగారి అమ్మాయినండీ" అన్నాను, అడక్కపోయినా. నాన్న షాపు కట్టేసి చాలా ఏళ్ళయింది, పాపం అతనికి ఆయనెవరో తెలిసే దారే లేదు.

"ఆయ్, తెలుసండీ" అన్నాడు.