తట్టి తెరిచే పెద్దాయన

యుద్ధాలు చేసి చేసి చివరికి మ్యూజియంగా మారిన డిస్ట్రాయర్ ఓడకి నేను రంగులేసేవాణ్ణి. దాన్ని చూపించే పెద్దాయన మన తెలుగాయనే. కుర్రతనంలో అమెరికా వచ్చి, ఇక్కడి నేవీలో చేరి, వియత్నాం యుద్ధంలో ఆ ఓడ మీదే పనిచేశాడు.

"స్పీడ్ కోసం దీన్ని పల్చటి రేకుతో కట్టారు. గుండు తగిలి నీళ్ళొచ్చిన గది తలుపు వెంటనే మూసెయ్యాలి, లేదంటే ఓడంతా మునుగుతుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఇంజన్ గది తలుపుని మాత్రం ముందు తట్టి, కాస్త ఆగి, అప్పుడు తెరిచేవాడు.

"లోపలెవరు అంకుల్, మీ అత్తగారా?" అన్నానొకరోజు.

ఆయన నవ్వలేదు. "గుండు తగిలిన రోజు ఇది మూసింది నేనే రా. లోపల నా ఫ్రెండ్ ఉండిపోయాడు. తట్టాడు. తెరుస్తానని ఆశపడతాడేమోనని నేను తిరిగి తట్టలేదు. తట్టాల్సిందంటావా?"

నా నోటికి ఆ పూట వేళాకోళం రాలేదు. "తట్టాల్సింది అంకుల్. పక్కన మనిషున్నాడని ఆయనకి తెలిసేది" అన్నాను.

ఆయన చాలాసేపు తలూపాడు. రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వెళ్ళిపోయాడు. చనిపోయేదాకా మళ్ళీ ఎవర్నీ ఆ తలుపు దగ్గరికి తీసుకురాలేదు.

ఆ ఒక్కసారికి నేను అబద్ధం చెప్పాల్సింది.