గ్రేడరుకి కొట్టిన దొంగ ప్లేటు

ఆ గ్రేడరు మా యార్డుకి వచ్చిన రోజు దానికి బంతిపూల దండ వేసి గుమ్మడికాయ కొట్టారు. పసుపు రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. సాయంత్రం దండ తీస్తే పూలకి రంగంటుకుని వచ్చింది. కొత్త బండి అని తెచ్చినదానికి పచ్చి రంగు ఎందుకుందని ఒక్కరైనా అడగాలా వద్దా? అక్కడున్న అంతమంది మగవాళ్లలో ఒక్కడూ అడగలేదు. నేను అడిగితే, "నువ్వు స్టోర్సు చూసుకోమ్మా" అన్నాడు మా ప్రొప్రయిటరు.

తొంభైల చివరి మాట ఇది. నేను మెకానికల్ డిప్లొమా చేసి, గాజువాక వైపు ఒక రోడ్డు కాంట్రాక్టరు దగ్గర వర్క్‌షాపు సూపర్‌వైజరుగా చేరాను. పేరుకే సూపర్‌వైజరు. ఆడపిల్లకి గ్రీజు పని ఏమిటని, బోల్టులూ బేరింగులూ ఉన్న గదిలో నన్ను కూర్చోబెట్టారు. లారీ డ్రైవర్లు వచ్చి, గదిలో నేనుండగానే, "ఇక్కడ ఎవరూ లేరా?" అని అడిగేవారు.

గ్రేడరంటే, రోడ్డు వేసేటప్పుడు మట్టినీ కంకరనీ చెక్కి సమంగా పరిచే బండి. ముందు చక్రాలకీ వెనక ఇంజనుకీ మధ్య పొడవాటి మెడ ఉంటుంది. ఆ మెడ కింద అడ్డంగా పెద్ద ఉక్కు బ్లేడు. దాన్ని ఎత్తి, దించి, తిప్పి నేలని చదును చెయ్యడం ఆపరేటరు పనితనం. మా ఆపరేటరు జాలరి కుటుంబం మనిషి. కుర్రతనంలో వేట పడవల ఇంజన్లు నడిపి, తర్వాత రోడ్ల పనిలోకి వచ్చాడు. మా చిన్నాన్న వయసు ఉంటుంది. నేను బాబాయ్ అనేదాన్ని. ఆ యార్డులో నన్ను పనిమనిషిగా కాక పని తెలిసిన మనిషిగా చూసింది ఆయనొక్కడే.

బండి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆయన ఎక్కి చూసి దిగొచ్చాడు.

"ఏటమ్మా ఇది? కొత్త బండన్నారు. దీన్ని స్టార్టు సెయ్యాలంటే ముందు ఇంకో సిన్న ఇంజను స్టార్టు సెయ్యాల. అదేమో పెట్రోలుది. దానికి తాడు సుట్టి లాగాల. ఇలాంటివి నాను సిన్నప్పుడు సూసినాను."

నేను వెళ్లి చూశాను. నిజమే. పెద్ద డీజిలు ఇంజను పక్కన చిన్న పెట్రోలు ఇంజను, దాన్ని తిప్పడానికి తాడు. కొత్త గ్రేడర్లలో బ్లేడు కదిలేది నూనె ఒత్తిడితో. ఇందులో నూనె గొట్టమే లేదు. అన్నీ ఇనుప షాఫ్టులూ పళ్లచక్రాలే. రాయి తగిలితే ఆ దెబ్బ నేరుగా లివరులోకి వచ్చి, పట్టుకున్నవాడి మణికట్టు విరగ్గొట్టేలా తన్నేది. ఇంజను పక్కన మాత్రం తళతళలాడే నేమ్ ప్లేటు, దానిమీద మోడలు నంబరు, ఈ మధ్యనే తయారైనట్టు సంవత్సరం.

బ్రేకులు పట్టడం లేదని బాబాయ్ చెప్తే, ఆ ప్లేటు మీది మోడలు ప్రకారం లైనింగులు తెప్పించాను. ఒక్కటీ సరిపోలేదు. వెడల్పు తేడా, వంపు తేడా. ప్రొప్రయిటరు అందరిముందూ నన్ను తిట్టాడు. "చదువుకున్నావు కదా, బండి మోడలు చూసి రాసుకోవడం రాదా? రంపంతో కోసి బిగించండి!" అన్నాడు. ఏడుపు రాలేదు గానీ చెవులు కాలిపోయాయి. మోడలు చూసే కదా రాశాను! నేను వద్దంటున్నా ఆ లైనింగుల్నే రంపంతో కోసి బిగించారు.

ఆ ఆదివారం బాబాయ్, నేను కిరోసిను డబ్బా, వైరు బ్రష్షులు పట్టుకుని బండి కింద దూరాం. గ్రీజూ మట్టీ కలిసి గట్టిగా పేరుకున్న పెంకు గీకుతుంటే, రంగు కింద ఇంకో రంగు, దాని కింద ఇంకో రంగు బయటపడ్డాయి. నేమ్ ప్లేటు దగ్గరికి వచ్చాక నాకు అర్థమయింది. బండి ఒళ్లంతా తుప్పు, ప్లేటు రివెట్లు మాత్రం వెండిలా మెరుస్తున్నాయి. ప్లేటు అంచు దాటి గోరుతో గీకితే మెత్తటి లప్పం వచ్చింది. దాని వెనక పాత రివెట్ల బెజ్జాలు. వేరే ప్లేటు ఉండేది ఇక్కడ. పీకేశారు. చాలాసేపటికి ఛాసిస్ ఎడమ పక్కన, నిజంగా ఫ్యాక్టరీలో ఉక్కు అచ్చుతో కొట్టిన నంబరు దొరికింది. మొదట రెండు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత అంకెలు. ప్లేటు మీది నంబరుకీ దీనికీ ఏ పోలికా లేదు.

నంబరైతే దొరికింది గానీ అది ఏ మోడలుదో మాకెవరికీ తెలీదు. అరిగిన బ్రేకు షూ ఒకటి, బ్లేడు దగ్గరి బుష్ ఒకటి సంచిలో వేసుకుని, వన్ టౌనులో లేతు మిషను పెట్టుకున్న ముసలి సాయిబు గారి దగ్గరికి వెళ్లాం. పోర్టు బండ్లకి తరాలుగా సామాన్లు తయారుచేసిన కుటుంబం వాళ్లది. ఆయన ఆ బుష్‌ని కళ్లద్దాల దాకా తెచ్చుకుని చూసి, "బేటీ, ఇలాంటిది మా అబ్బాజాన్‌తో కలిసి నేనే కోశాను. దీని తోబుట్టువు ఇక్కడే ఉంది, రండి" అని దుకాణానికి తాళం కూడా వెయ్యకుండా బయల్దేరాడు.

రెండు సందులవతల పాత ఇనుము గోడౌను. వెనక పెరట్లో, తుప్పల మధ్య, చక్రాలు లేని గ్రేడరు అస్థిపంజరం. మేకలు దాని నీడలో పడుకున్నాయి. బాబాయ్ దాని మెడ పొడవునా చెయ్యి రాసుకుంటూ నడిచాడు. అదే వంపు, అవే లివర్లు, ఇంజను పక్కన అదే చిన్న ఇంజను. "ఇదేనమ్మా, అచ్చం ఇదే" అన్నాడు. దాని అసలు ప్లేటు దానికే ఉంది. ఎడమ పక్క గీకి చూస్తే నంబరు ముందు ఆ రెండక్షరాలే. ప్లేటు మీది సంవత్సరం చదివి నేను నవ్వాను, ఆ తర్వాత ఒళ్లు మండింది. మా అమ్మానాన్నలకి పెళ్లి కాకముందు, ఎక్కడో విదేశంలో తయారై ఓడలో దిగిన బండి అది. దాని తోడబుట్టినదాన్ని మాకు కొత్తదని చెప్పి, దానికి దండేసి గుమ్మడికాయ కొట్టారు.

సోమవారం ప్రొప్రయిటరుకి చెప్పాను. ఎవడో బ్రోకరు మోసం చేశాడనీ, పాపం ఈయనకి తెలీదనీ అనుకుంటూ చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, చిన్నపిల్లని చూసినట్టు చూశాడు.

"నాకు తెలీదనుకున్నావా? ప్లేటు వేయించిందే నేను. పాత బండి అని తెలిస్తే నాకు రోడ్డు పని ఎవడిస్తాడు?"

"సరే సార్, ప్లేటు సంగతి మీ ఇష్టం. బ్రేకులు మాత్రం అసలు మోడలువి వెయ్యాలి. బ్రేకు డ్రమ్ములు లేతు మీద సరిచేయించాలి. బండిని కొన్నాళ్లు ఆపాలి."

"పని ఆగదు. బ్రేకు లేకపోతే ఏం, బ్లేడు దించితే ఏ గ్రేడరైనా ఆగుతుంది."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన వేడి ఇడ్లీ తింటున్నాడు. పళ్లెంలోంచి ముక్క తుంచుతూ అన్నాడు. నడిపేది తను కాదు కదా.

బ్రేకులు తప్ప మిగతావన్నీ మేం బాగుచేసుకున్నాం. అదొక్కటే ఆ రోజుల్లో నాకు సంతోషం. ఆ పాత బండి మంచిది, గట్టిది. సముద్రం గాలికి ఇనుము ఒక్క రాత్రిలో ఎర్రబారే ఊరు మాది. అందుకని పొద్దున్నే కీళ్ల దగ్గర గ్రీజు ఎక్కించే ప్రతి చిన్న నిపుల్‌లోకీ గ్రీజు కొట్టేవాళ్లం. చిన్న ఇంజను పెట్రోలు ట్యాంకులో చేరిన నీరు వంచేసేవాళ్లం. బ్లేడుని మోసే గుండ్రటి చట్రం వదులై ఊగుతుంటే, సాయిబు గారు కోసిచ్చిన పల్చటి రేకులు పెట్టి ఆ ఊపు తీసేశాం. బ్లేడు అంచు ఒక పక్క అరిగితే తిరగేసి బిగించాం. ఆ తర్వాత బాబాయ్ లాగిన మట్టి రోడ్డు మీద నీళ్లు పోస్తే ఎక్కడా నిలిచేవి కావు. బ్రేకుల మాటెత్తినప్పుడల్లా మాత్రం, ఈ పని అయిపోనీ, ఆ పని అయిపోనీ అనేవాడు ప్రొప్రయిటరు.

చివరికి ఏం జరగాలో అదే జరిగింది. కొండవాలు మీద రోడ్డు పని. మధ్యాహ్నం, వాలు దిగువన కంకర మోసే ఆడవాళ్లు రోడ్డు పక్కన కూర్చుని అన్నాలు తింటున్నారు. పైనుంచి దిగుతున్న బండి గేరులోంచి జారింది. బ్రేకు నొక్కితే పెడలు నేలకంటింది. బాబాయ్ బ్లేడు దించాడు. కొత్తగా పరిచిన కంకర మీద అది పట్టలేదు, బండి జారుతూనే ఉంది. కింద మనుషుల్ని చూసి ఆయన కొండ వైపు తిప్పేశాడు. బ్లేడు బండరాయికి తగిలింది, లివరు తన్నింది, కుడి చెయ్యి మోచేతి కింద విరిగింది. బండి ఆగింది. ఆడవాళ్లు అన్నం గిన్నెలు వదిలేసి పరిగెత్తుకొచ్చి ఆయన్ని దించారు.

నేను బాబాయ్ దగ్గర ఆసుపత్రిలో ఉండగానే ప్రొప్రయిటరు రోడ్డు పనిచ్చిన పైవాళ్లకి చెప్పేశాడు, ఆపరేటరు తాగి నడిపాడని. జీవితంలో కల్లు కూడా ముట్టని మనిషి! మర్నాడు విచారణకి ఒక అధికారి యార్డుకొచ్చాడు. యార్డుకి లాక్కొచ్చి పెట్టిన బండి చుట్టూ తిరిగి, ఆ తళతళలాడే ప్లేటు ముందు ఆగి, చదివి, "ఇంత కొత్త బండికి బ్రేకులు ఎలా పోతాయి? మనిషిదే తప్పు" అన్నాడు. ప్రొప్రయిటరు తలూపాడు.

మా బాబాయ్ మీద ఆ ప్లేటు సాక్ష్యం చెబుతోంది! నాకు ఇంకేమీ కనిపించలేదు. పనిముట్ల పెట్టెలోంచి ఉలీ సుత్తీ తీసుకుని, చీర కుచ్చిళ్లు దోపుకుని, బండెక్కాను.

"ఏయ్, దిగు! ఏం చేస్తున్నావ్?" ప్రొప్రయిటరు అరిచాడు.

మొదటి రివెటు తల ఎగిరి రేకు మీద పడింది. నాలుగూ కొట్టేశాను. ప్లేటు అధికారి బూట్ల దగ్గర పడింది. లప్పం గీకి పాత బెజ్జాలు చూపించాను. కిందికి దిగి ఛాసిస్ మీది అసలు నంబరు చూపించాను. "దీని తోడుబండి వన్ టౌనులో ఉంది, రండి, పక్కపక్కన పెట్టి చూద్దురుగాని. ఈ బ్రేకులు రంపంతో కోసి బిగించినవి సార్. వద్దని నేను చెప్పాను. ఎవరికి చెప్పానో ఆయన్నే అడగండి" అన్నాను. నా గొంతు అంత గట్టిగా నేనే ఎప్పుడూ వినలేదు.

అధికారి ప్లేటు తీసి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ ఆఫీసు గదిలోకి వెళ్లారు, తలుపు మూసుకుంది, టీలు వెళ్లాయి. చాలాసేపటికి బయటికొచ్చారు. బాబాయ్ తాగాడన్న మాట పోయింది. బండిలో లోపం వల్ల జరిగిన ప్రమాదం అని తేల్చారు. అంతే. దొంగ ప్లేటు గురించి ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. రోడ్డు పని ఒక్క పూట కూడా ఆగలేదు. ఉద్యోగం పోయింది నాకు. "ఆడదాన్ని తెచ్చి పెట్టుకోవడమే నా బుద్ధితక్కువ" అన్నాడు ప్రొప్రయిటరు, అందరూ వినేలా.

నాకు ఉక్కునగరం దగ్గర ఇంకో వర్క్‌షాపులో పని దొరికింది. ఈసారి స్టోర్సులో కూర్చోనని చేరేముందే చెప్పాను. ఆ గ్రేడరుని రెండువేల సంవత్సరం తర్వాత ఎప్పుడో గ్యాసుతో కోసి ఇనుముకి అమ్మేశారని సాయిబు గారు చెప్పారు. దానికీ కోపమొచ్చింది నాకు. సరైన బ్రేకులు వేసుంటే ఇంకా ఎన్నేళ్లు పనిచేసేదో!

బాబాయ్ చెయ్యి వంకరగా అతుక్కుంది. లివర్లు పట్టలేక మళ్లీ పడవ ఇంజన్ల పనికి వెళ్లిపోయాడు. ఒకరోజు తెల్లారి ఫిషింగ్ హార్బరుకి వెళ్లి కలిశాను. వేలం పాటల గోల మధ్య ఐసు పెట్టె మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఆ ప్రొప్రయిటరు ఇప్పుడు కొత్త బండ్లు కొన్నాడని, ఊళ్లో పెద్దమనిషి అయ్యాడని చెబుతూ నేను గింజుకుంటుంటే నవ్వాడు.

"ఒగ్గెయ్యమ్మా. ఆ ఆడోలు బతికున్నారు, నాను బతికున్నాను. ఇంకేటి?"

"బతికారు కాబట్టి వాడు చేసింది ఒప్పయిపోయిందా బాబాయ్? నువ్వు తిప్పకపోతే?"

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి లేచాడు. ఎడమచేత్తో ఒక వంజరం చేప ఎంచి, కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "మెత్తబడకముందే ఇంటికెల్లి వొండుకో. నీకు కోపమొత్తే అన్నం మానేత్తావు, నాకెరికే" అన్నాడు. స్కూటరు మీద ఇంటికొచ్చి కూర వండాను, తిన్నాను. కోపం మాత్రం పోలేదు.