గునుగు పూలు లేని బొమ్మ

తడి కాగితం మీద రంగు ఆరుతున్నప్పుడు సన్నగా జిగురు వాసన వస్తుంది. చైతన్యపురిలో మా ఫ్లాటు బాల్కనీలో, కుండీల మధ్య కూర్చుని బొమ్మ వేసుకుంటున్నప్పుడల్లా ఆ వాసన నన్ను ఎల్బీనగర్‌లో మేం కిరాయికున్న ఇంటి పెరట్లోకి తీసుకుపోతుంది. నీటిరంగులు ఎక్కడ నేర్చుకున్నారని ఎవరడిగినా "మా తోటలో" అని చెబుతూ వచ్చాను. ఆ తోట మాది కాదు, ఇంటివాళ్లది. అక్కడ నేను చేసిన పనికి మా అమ్మ అబద్ధాలకోరు అనిపించుకుంది. ఆ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

నాన్నకు బదిలీ అయి గుంటూరు నుంచి వచ్చేనాటికి కాలనీలో సగం ఖాళీ జాగాలే. ఇంటి యజమానురాలు యాదమ్మది నల్లగొండ వైపు పల్లె. ఆమెను నేను అత్తమ్మ అనేవాణ్ణి; అమ్మా ఆమే ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్లు. వానాకాలం వచ్చిందంటే కాకర పందిరి కింద తడిమన్ను వాసన, బంతి ఆకు ఘాటు, గాలి ఇటు తిరిగితే కొత్తపేట పండ్ల మార్కెట్ నుంచి మగ్గిన బత్తాయిల పులుపు, అన్నీ కలిసి పెరడంతా నిండిపోయేవి. అత్తమ్మ పొద్దున్నే నోట్లో వేపపుల్లతో ఒక్కో మొక్క దగ్గరా ఆగి "ఏందే, నీళ్లయితె తాగుతున్నవ్, కాయమంటె కాయవైతివి" అని తిడుతుంటే, వెనకాలే వచ్చే అమ్మ "మెల్లగా అనండి వదినగారూ, అలుగుతుంది" అని నవ్వేది. పిల్లలు వీధిలో చిర్రగోనె ఆడుతుంటే నేను మెట్ల మీద రంగుల పెట్టె పెట్టుకుని, మధ్యాహ్నపు ఎండలో కాకరాకు అంచు ఎలా వెలుగుతుందో, పందిరి నీడ మట్టి మీద ఏ రంగులో పడుతుందో చూస్తూ కూర్చునేవాణ్ణి.

గోడవార అత్తమ్మ ఊరి నుంచి తెచ్చి చల్లిన గునుగు ఉండేది. కొసల్లో లేత గులాబీ, కిందంతా వెండి తెలుపు. బతుకమ్మ పేర్చేటప్పుడు ఆ కంకులకు రంగులద్ది, మిగిలిన రంగునీళ్లు సీసా మూతలో పోసి "నీ బొమ్మకు పెట్టుకోరా" అని నాకిచ్చేది. నా మొదటి మంచి ఎరుపు అదే. సద్దుల బతుకమ్మ నాడు అత్తమ్మ నువ్వుల పిండీ మలీద ముద్దలూ మా వంటింట్లోకి వచ్చేవి, దసరాకు అమ్మ గారెలు వాళ్లింటికి వెళ్లేవి.

మరుసటి ఏడు బడిలో బొమ్మల పోటీ పెట్టారు. విషయం 'మా తోట'. ఉన్నది ఉన్నట్టు వేయాలన్నారు. అన్నీ కుదిరాయి గానీ గునుగు కుదరలేదు. పచ్చరంగు మీద తెలుపు పెడితే బూడిద ముద్దయ్యేది. తెల్లపువ్వు కావాలంటే అంతమేరా కాగితాన్ని తాకకుండా వదిలేయాలని, చుట్టూ వేసిన ఆకుల రంగే పువ్వును చూపిస్తుందని నాకప్పటికి తెలియదు. కాగితాలు చించి చించి, చివరికి గునుగు లేకుండానే బొమ్మ వేశాను. చాలా బాగా వచ్చింది. ఇప్పుడు తోటే బొమ్మలా లేదు. అత్తమ్మ బజారుకు పోయినప్పుడు, అమ్మ కునుకు తీస్తున్న వేళ గునుగంతా పీకి గోడ అవతల పారేశాను. కలుపు అనుకుని పీకానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. ఆ పూలు దేనికో నాకు బాగా తెలుసు.

బతుకమ్మ మొదలయ్యేది మర్నాడే. అత్తమ్మ గోడ దగ్గర నిలబడిపోయింది.

"వదినా, గునుగు నువ్వు పీకినవా?"

"అయ్యో, నేను ముట్టుకోనే లేదు వదినగారూ."

"మొన్న నల్లా కాడ గడ్డి పీకింది నువ్వే గదా. మీ దిక్కు గది కలుపే కావచ్చు. పీకితె పీకిన అను, గంతే. అబద్ధమెందుకు?"

అమ్మ ముఖం ఎర్రబడింది. "వీడు పొద్దస్తమానం ఇక్కడే ఉంటాడు, వీణ్ణే అడగండి. ఏరా, నేను పీకానా?"

కుంచె కడుగుతూ, తలెత్తకుండా, "నాకు తెలీదు" అన్నాను.

ఆ ఏడు అత్తమ్మ గునుగు లేకుండా ఉత్త బంతిపూలతో బతుకమ్మ పేర్చింది. ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ వాకిట్లో తిరుగుతుంటే అమ్మ గుమ్మంలోనే నిలబడింది; రమ్మని ఎవరూ పిలవలేదు. తర్వాత కూరగాయలామెతో అత్తమ్మ, వదిన అన్న మాటే లేకుండా, "గా ఇంట్ల కిరాయోళ్లుంటరు" అనడం విన్నాను. ఎండాకాలానికి మేం వనస్థలిపురం మారిపోయాం. నా బొమ్మకు బహుమతి వచ్చింది. అమ్మ దానికి అద్దం కట్టించి, బతికినన్నాళ్లూ ముందు గదిలో ఉంచింది.

అమ్మ పోయాక మొన్న అక్కడికి వెళ్లాను. పందిరి లేదు, పెరడు లేదు. ఐదంతస్తుల అపార్టుమెంటు, కింద కార్లు. పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోయింది, బత్తాయి వాసన ఏ గాలికీ రావడం లేదు. అత్తమ్మ రెండో అంతస్తులో, మోకాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చుంది. గుర్తుపట్టి, అమ్మ పోయిందని విని ఎదురుగా ఉన్న కుర్చీ చూపించింది.

"మీ అమ్మ దిల్ మంచిదిరా. గని గా ఒక్కనాడు అబద్ధమాడింది. ఒప్పుకుంటె నేను గప్పుడే మర్సిపోదును."

"అమ్మ అబద్ధమాడలేదు అత్తమ్మా. పీకింది నేను."

ఆమె చేయి మోకాలి మీద ఆగిపోయింది. "మీ అమ్మకు చెప్పినవా?"

"లేదు."

"మరి గిన్నేండ్లు నేను ఆమెను..." అని ఆగి, తల అటు తిప్పుకుంది.

నేను కుర్చీలోంచి కిందికి దిగి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. "నీ పూలు పాడుచేశాను. అమ్మ అడిగితే తెలీదన్నాను. అమ్మను అడగాల్సిన మన్నింపు కూడా నిన్నే అడుగుతున్నాను. నన్ను క్షమించు అత్తమ్మా."