సర్వపిండి మాడిన శనివారం

పిస్కాటవేలో నా అపార్ట్‌మెంట్ కిచెన్‌లో సర్వపిండి ఎర్రబడుతూ నువ్వులూ పల్లీలూ వేగిన వాసన రాగానే నాకు గుండె దడ మొదలవుతుంది. నవ్వుతారు గానీ, నా మటుకు నాకు భయం వాసన అంటే అదే.

ఫ్రిస్కోలో అమ్మానాన్నల ఇంట్లో చిన్నప్పుడు అది శనివారం వాసన. నాన్నది కరీంనగర్, అమ్మది తెనాలి. నానమ్మ ఫోన్‌లో చెబుతుంటే నేర్చుకున్న సర్వపిండిని అమ్మ గిన్నె అడుగున పలచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, చిల్లుకో చుక్క నూనె వేసి మూత పెడితే, ఎండలో స్ప్రింక్లర్ కింద తడుస్తున్న నేనూ తమ్ముడు చిన్నూ నీళ్లోడుతూనే లోపలికి పరిగెత్తేవాళ్లం. "మా అమ్మకన్న నువ్వే మంచిగ చేస్తవ్" అనేవాడు నాన్న. "ఉండండి, అత్తయ్యకి ఫోన్ చేసి చెప్తా" అని అమ్మ ఆటపట్టించేది.

రాష్ట్రం రెండవుతుందన్న వార్త వచ్చిన ఏడాది నాకు తొమ్మిదేళ్లు. శనివారం భోజనాలకు వచ్చే అంకుల్స్, ఆంటీలు రెండు జట్లయి, ఆనక రావడమే మానేశారు. ఇంట్లో టీవీ మాత్రం అరుస్తూనే ఉండేది. ఒక సాయంత్రం టీవీని మించి నాన్న అరిచాడు.

"మా రాష్ట్రం మాకు గావాలంటే మీకేం నొప్పి?"

"నొప్పి కాదండీ, భయం. హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకున్న మా అన్నయ్య ఎక్కడికి పోవాలి?" అంది అమ్మ.

ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. సర్వపిండీ లేదు.

నా క్లాస్‌మేట్ ఎమిలీ అమ్మానాన్నలు అప్పుడే విడాకులు తీసుకున్నారు. ఒక వారం అమ్మ దగ్గర, ఒక వారం నాన్న దగ్గర, ఊదారంగు బ్యాగ్ మోసుకుంటూ తిరిగేది ఆ పిల్ల. అందుకే హైదరాబాద్ పదేళ్లు ఇద్దరికీ ఉమ్మడి, తర్వాత ఒకరికే అని టీవీలో విన్నప్పుడు, మా పిల్లలిద్దరి సంగతీ తేలిపోయిందనుకున్నాను. చిన్నూకి చెబితే వాడు ఏడ్చి ఏడ్చి, రిమోట్ తెచ్చి బియ్యం డబ్బాలో పూడ్చేశాడు. శాంతి గురించి మాకు తెలిసిందల్లా టీవీ నోరు మూయించడమే. తీరా అది మూగబోయాక ఇల్లు ఇంకా భయపెట్టింది. అమ్మ సూట్‌కేస్ జిప్ చప్పుడు వినిపిస్తుందేమోనని గోడకు చెవి ఆనించి కూర్చునేదాన్ని.

ఒక శనివారం, ఏమనుకుందో, అమ్మ మళ్లీ గిన్నెకు పిండి అద్దింది. ఆ వాసనకు నాన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇక ఆగలేక అడిగేశాను.

"హైదరాబాద్ లాగా టెన్ ఇయర్స్ అయ్యాక, నేను, చిన్నూ ఎవరికి వస్తాం?"

స్టవ్ మీద గిన్నె మాడసాగింది. పొగ కమ్మి అలారం మోగింది. నాన్న స్టవ్ ఆపి, మాడినదాన్నే నాలుగు ముక్కలు చేసి మా చేతుల్లో పెడుతూ, "మిమ్ముల ఎవ్వరికియ్యం బిడ్డా" అన్నాడు. అమ్మ అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఆ పదేళ్లూ గడిచిపోయాయి. అమ్మా నాన్నా అదే ఇంట్లో ఉన్నారు, పోట్లాడుకోరు. ఊరి వార్తలు రాగానే ఎవరో ఒకరు చానల్ మారుస్తారు. మొన్న వెళ్లినప్పుడు అమ్మ సర్వపిండి చేసింది. నాన్న తిని "బాగుంది" అన్నాడు, అంతే. నానమ్మ ఊసెత్తలేదు, అమ్మా ఫోన్ మాట ఎత్తలేదు. ఇద్దరూ జాగ్రత్తగా తిని లేచి వెళ్లారు. నేను ఆ పాత మాట కోసం ఇంకా ఎదురుచూస్తూ అక్కడే కూర్చున్నాను.