ఆకు వదిలిన నీళ్లు

స్కూల్లో చెప్పారని మా అమ్మాయి నిన్న బాల్కనీలో మందార కొమ్మకి పాలిథిన్ కవరు తొడిగి, మూతి దారంతో బిగించి, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. కాసేపటికి కవరు లోపల సన్నటి చుక్కలు పట్టాయి. ఆకులు నీటిని ఆవిరిగా వదులుతాయని తను నాకు పాఠం చెబుతుంటే, వింటూనే కవరు విప్పి ఒక చుక్క వేలికి అద్దుకుని నాలిక మీద పెట్టుకున్నాను. అదేం పని అమ్మా అని మొహం చిట్లించింది. నీళ్లు చప్పగానే ఉన్నాయి. నాకెందుకో మనసు కుదుటపడింది.

ఈ అలవాటు సముద్రపు ఒడ్డున, కోట అనే ఊరికి దగ్గర్లోని మా ఊరి బడిలో అబ్బింది. వరి చేలు ఒక్కొక్కటే రొయ్యల గుంటలైపోతున్న కాలం అది. మా సైన్సు సారు ఇదే ప్రయోగం చేయించాలని తలా ఒక కవరు తెమ్మన్నారు. మా ఊళ్లో లోపలిది కనిపించే కవరు అంటే ఒక్కటే, రొయ్య పిల్లల్ని ఉప్పునీళ్లలో వేసి తెచ్చే సంచి. ఖాళీ అయ్యాక దాన్ని కడిగే ఓపిక ఎవరికీ ఉండేది కాదు, ఎండలో ఆరేసేవాళ్లు. వానొస్తే వాటినే నెత్తిన తొడుక్కుని బడికి పోయేవాళ్లం. అందరం అవే పట్టుకెళ్లాం. బడి వెనకే మా చేను కాబట్టి సారు మమ్మల్ని అక్కడికి నడిపించి, గట్టు మీది బెండ మొక్కలకి సంచులు కట్టించారు. ఎండకి చుక్కలు బాగానే పట్టాయి. అవి మంచినీళ్లే, కావాలంటే రుచి చూడండని సారు గొప్పగా అన్నారు. తీర్థం పుచ్చుకున్నట్టు అందరం వరసగా నాలిక మీద వేసుకున్నాం. ఉప్పగా ఉన్నాయి. సారు కూడా రుచి చూసి, మీసం తుడుచుకుని, సంగతేమిటో రేపు చెబుతానని మమ్మల్ని ఇళ్లకి పంపేశారు.

ఆ మాట అన్నం దగ్గర నాయనకి చెప్పాను. అప్పటికే మా చేనికి రెండు పక్కలా గుంటలు తవ్వేశారు. మాది కూడా కౌలుకి ఇమ్మని గుంటలాయన రోజూ తిరుగుతున్నాడు. ఒకసారి ఉప్పునీళ్లు పెట్టిన నేలలో మళ్లీ వరి పండదని నాయన మొండికేసి ఉన్నాడు. అలాంటివాడు కంచం పక్కకి జరిపాడు.

"ఉప్పు ఆకులదాకా ఎక్కినాక ఇంకేం మిగిలింది? రేపు ఆయనకి మాట ఇచ్చేస్తా."

తెల్లారగానే సారు మా ఇంటికొచ్చారు. తప్పు సంచులకి అంటిన ఉప్పుదని ఆయనకి తట్టిందట. శుభ్రంగా కడిగిన సంచి ఒకటి చంకలో పెట్టుకుని వచ్చి, నాయన్ని వెంటబెట్టుకెళ్లి అదే మొక్కకి మళ్లీ కట్టారు. ఎండెక్కాక నాయన చుక్క నాలిక మీద వేసుకున్నాడు. చప్పగా ఉందట. నాయన నవ్వగా చూసి చాలా రోజులైంది. సారు అక్కడితో ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేదని ఆ వయసులో ఆయన మీద నాకు ఒళ్లు మండింది.

"అన్నా, నేలలో ఉప్పున్నా ఆకు మంచినీళ్లే వదుల్తాది. ఉప్పు వేళ్లకాడ, లోపలే నిలిచిపోతాది. దీంతో నేల సంగతి తేలదు. దొరువులో నీళ్లు చూడు" అన్నారు.

దొరువు అంటే చేలో తవ్వుకున్న లోతు లేని బావి. నాయన అందులోకి దిగి, దోసిట్లో నీళ్లు తీసుకుని పుక్కిలించి ఉమ్మేశాడు.

"ఉప్పు వచ్చింది సారూ. కానీ ఇంకా మొదట్లోనే ఉండాది. పండినన్నాళ్లు పండిస్తా" అన్నాడు.

గుంటలాయనకి మాట ఇవ్వలేదు. ఆ తర్వాత ఏటా నారు పోసే ముందు దొరువు నీళ్లు నోట్లో వేసుకుని చూసేవాడు. ఏడాదికేడాది మొహం ముడుచుకుంటూనే పోయింది. అయినా నా చదువు అయ్యేదాకా ఆ చేలో వరి పండింది. చివరికి ఒక ఏడు గింజ పట్టక వెన్నులన్నీ తాలు పోయాయి. ఆ ఏడే మా చేనూ గుంట అయింది. అది తవ్వుతున్నప్పుడు నాయన అటువైపు వెళ్లలేదు.

ఇప్పుడు నాయన లేడు. తలుచుకుంటే నాకు ఆ గట్టూ, బెండపూలూ, చుక్క రుచి చూసి ఆయన నవ్విన నవ్వే గుర్తొస్తాయి. గడిచిన కాలం కూడా ఆ ఆకులాగే ఉప్పునంతా ఎక్కడో వేళ్ల దగ్గరే ఆపేసి, నాకు మంచినీళ్లే చుక్క చుక్కగా వదులుతోంది.