లిఫ్ట్ బావ, పన్నెండు శ్రుతులు

మా బావ లిఫ్టులు బాగుచేస్తాడు. ఆయన చెవి సంగతి చెబితే మీరు నమ్మరు. వీధి చివర నిలబడి, ఎదురు భవనంలో లిఫ్టుకి ఏ బోల్టు వదులైందో చెప్పేస్తాడు. ఒకసారి నా పొట్టకి చెవి ఆనించి, పొద్దున నేనేం తిన్నానో, ఎవరి కంచంలోంచి తిన్నానో కూడా చెప్పాడు. ఇందులో సగం నిజం. ఏ సగమో అడక్కండి.

నా గురించి కూడా ఒక ముక్క చెప్పాలి, లేకపోతే కథకి వెలితి. నేను కాలేజీ మధ్యలో మానేశాను. నేనక్కడే ఉంటే మిగతావాళ్ళకి మార్కులు మిగలవని జాలిపడి బయటికొచ్చాను. అప్పట్నుంచి మా అక్క డ్రై క్లీనింగ్ దుకాణంలో బట్టలు ఇళ్ళకి చేరవేసే శాఖకి అధిపతిని నేనే, సిబ్బందినీ నేనే.

ఆ దుకాణానికి జనం సగం బట్టల కోసం వచ్చేవాళ్ళు, సగం అక్క పాట కోసం. ఇస్త్రీ పెట్టె ఆవిరి బుస్సుమంటుంటే దాని మీంచి పాడేది. కోటు కాలర్ దగ్గర నెమ్మదిగా, దుప్పట్ల దగ్గర హుషారుగా. రసీదు చేత్తో పట్టుకుని, చరణం అయ్యేదాకా గుమ్మంలో నిలబడ్డవాళ్ళని నేను కళ్ళారా చూశాను. సాయంత్రం బావ వచ్చి గిటార్ అందుకునేవాడు. ఆయనకొచ్చింది ఒక్కటే శ్రుతి. గిటార్ వాళ్ళు దాన్ని స్కేల్ అంటారు. పెళ్ళైన దగ్గర్నుంచీ అదే వాయించాడు, అక్క అందులోనే పాడింది, ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

తర్వాత అక్క మెడకి ఆపరేషన్ అయింది. "గొంతుకేం భయం లేదు, కాస్త కిందకి దిగుతుంది, పాడుకోవచ్చు" అంది డాక్టరమ్మ. బాగా కోలుకున్నాక బావ గిటార్ తీశాడు. అక్క పల్లవి ఎత్తుకుంది. పై స్వరం దగ్గర గొంతు పగిలింది. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే పగిలింది.

"ఇక చాల్లెండి" అని వెళ్ళి ఇస్త్రీ పెట్టె స్విచ్ వేసింది.

అంతే. ఆ తర్వాత దుకాణంలో ఆవిరి బుస తప్ప ఇంకో చప్పుడు లేదు. పాట గురించి ఎవరైనా అడిగితే చిల్లర లెక్కపెడుతున్నట్టు నటించేది.

ఒక మధ్యాహ్నం బావ నన్ను తను పనిచేసే భవనం పైకప్పు మీదున్న లిఫ్టు మెషిన్ రూమ్‌కి తీసుకెళ్ళాడు. మోటారు పక్కన స్టూలు, స్టూలు మీద గిటార్.

"తప్పు మీ అక్క గొంతుది కాదోయ్, నాది. తను కిందకి దిగింది. నేను పైనే కూర్చుని రమ్మని పిలుస్తున్నాను."

"ఎంత కిందకి దిగింది బావా?"

"అది తెలిస్తే ఆ ఒక్కటీ నేర్చుకునేవాణ్ణి. పాడితే కదా తెలిసేది. పాడమని అడిగానా, ఇక జన్మలో పాడదు. ఎప్పుడో ఒకప్పుడు పరధ్యానంగా కూనిరాగం తీస్తుంది. అప్పుడు నేను తప్పు చోట వాయిస్తే మళ్ళీ నోరు మూసేసుకుంటుంది. అందుకని ఉన్న పన్నెండు శ్రుతులూ నేర్చేసుకుంటా."

ప్రాక్టీసుకి ఆయనే పథకం వేశాడు. కొత్త లిఫ్టు బిగించాక కింద నుంచి మొదలుపెట్టి, ప్రతి అంతస్తులో ఆపి, తలుపు తీసి మూసి, పైదాకా వెళ్ళి, అలాగే దిగాలట. ఇదీ అంతే. గిటార్ మెడ మీద ఒక్కో మెట్టు జరిగితే శ్రుతి ఒక్కో అంతస్తు పెరుగుతుంది. రోజుకొకటి. ముందు స్వరాలన్నీ నత్తనడకన ఎక్కడం, దిగడం. తర్వాత ఒకటి వదిలి ఒకటి. ఆఖర్న కళ్ళు మూసుకుని. వేలు తడబడితే వేగం తగ్గించాలే తప్ప దాటెయ్యకూడదు. మర్నాడు కొత్తది మొదలుపెట్టే ముందు నిన్నటిది ఒకసారి. భోజనం డబ్బా మూసిన వెంటనే ఇదే పని. ఆయన వేళ్ళు ముందే కాయలు కాచి ఉన్నాయి కాబట్టి నొప్పంతా తీగలకే పుట్టింది.

పన్నెండూ వచ్చేశాయన్నాడు. పరీక్ష పెట్టాను. నేను కూనిరాగం తీస్తే ఆయన పట్టుకోవాలి. బావ కింద నుంచి మొదలుపెట్టాడు. మొదటి శ్రుతి, కాదు. పక్కది, కాదు. ఆ పక్కది, కాదు. నా పాట అయిపోయింది, పాట తర్వాత వచ్చే దగ్గూ అయిపోయింది, ఆయనింకా సగం దారిలోనే ఉన్నాడు.

"అదేంటి బావా, పై అంతస్తువాడు బటన్ నొక్కితే నీ లిఫ్టు ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, క్షేమసమాచారాలు కనుక్కుని వస్తుందా?"

బావ గిటార్ పక్కన పెట్టాడు. "నిన్ను కాలేజీ ఎందుకు వదులుకుందోయ్?"

"పాపం, వాళ్ళూ ఇప్పుడదే అనుకుంటున్నారు."

ఆ రోజు నుంచి పథకం నాది. వరస బంద్. బట్టలు ఇచ్చే దారిలో ఎక్కడో స్కూటర్ ఆపి ఫోన్ చేస్తాను, ఏదో ఒక చోట నుంచి రాగం ఎత్తుకుంటాను. ఆయన ముందు చెవితో వెతకాలి, ఒక్క తీగ మీద మెల్లిగా సరిచూసుకోవాలి, ఆ తర్వాతే స్వరాలన్నీ వాయించాలి. నా గొంతు గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, చౌరస్తాలో నేను పాడుతుంటే సిగ్నల్ దీపం ఎర్రబడటం మర్చిపోయింది.

"నువ్వు ఏ అంతస్తులోనూ ఆగట్లేదోయ్. రెండింటి మధ్యలో ఇరుక్కున్నావ్. లోపలున్నవాళ్ళు అరుస్తున్నారు."

"కష్టమైన గొంతుతో నేర్చుకుంటే మంచి గొంతు తేలిగ్గా దొరుకుతుంది బావా."

"నీ నోట నిజం రావడం ఇదే మొదటిసారి."

ఇలా కొన్ని వారాలు నడిచింది. ఒకనాడు ఆయన భవనంలో కరెంటు పనేదో ఉండి, లిఫ్టులన్నీ ఆపేశారు. బావ గిటార్‌తో దుకాణానికొచ్చి, అక్క కంటపడకుండా వెనక వేలాడే కోట్ల చాటున దుప్పట్ల మూట మీద కూర్చున్నాడు. నేను కౌంటర్ దగ్గర చొక్కాలకి కవర్లు తొడుగుతున్నాను. అక్క పొడవాటి కర్టెన్లు ఇస్త్రీ చేస్తోంది. పెట్టె అటూ ఇటూ ఊగుతోంది.

ఆ ఊపులో అక్క పాడటం మొదలుపెట్టింది.

చాలా కింద నుంచి. చేతిలో కవర్ పక్కన పెట్టేశాను. కోట్ల వెనక చప్పుడు లేదు. కింద నుంచి మొదలుపెట్టకు బావా, కింద నుంచి మొదలుపెట్టకు అని లోపల్లోపల మొత్తుకున్నాను. ఒక తీగ మెల్లిగా పలికింది. కొంచెం ఎక్కువైంది. నా గుండె ఆగిపోయింది. డాక్టర్లు నమ్మకపోతే మానె, ఆగింది. ఆవిరి బుస్సుమని ఆ తప్పుని కప్పేసింది. ఆవిరి తగ్గేసరికి తీగ ఒక మెట్టు దిగింది. అక్క గొంతూ తీగా ఒక్కటయ్యాయి.

అక్క పెట్టె పైకెత్తి పట్టుకుంది. పాట మాత్రం ఆపలేదు. పగిలే చోటు వచ్చింది. మడత మీంచి పెట్టె జారినట్టు, దాని మీంచి జారి అవతలికి వెళ్ళిపోయింది.

పాట అయ్యాక పెట్టె స్టాండు మీద పెట్టి, "ఎవరా కోట్లలో?" అంది.

"నేనే."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు కిందకి దిగినప్పట్నుంచి."

అక్క మెడ తడుముకుంది. "అంత కిందకా?"

"మూడే మెట్లు. నేను అనవసరంగా పన్నెండూ నేర్చుకున్నాను."

అక్క వెళ్ళి ఆ మూట మీద ఆయన పక్కన కూర్చుంది. అంత తేలిగ్గా కూర్చోవడం ఆపరేషన్ తర్వాత అదే మొదలు. "మిగతావన్నీ ఏం చేసుకుంటారు?"

"రేపు నీకు జలుబు చెయ్యదా ఏంటి?"

"అసలా పథకం నాదక్కా" అన్నాను.

"నువ్వు నోర్మూసుకుని ఆ కర్టెన్లు ఇచ్చిరా."

కర్టెన్లు భుజాన వేసుకుని బయటికొచ్చాను. స్కూటర్ స్టార్ట్ చెయ్యబోతే లోపల అక్క మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి ఒక మెట్టు పైనుంచి, కావాలనే. గిటార్ ఒక్క క్షణం వెతుక్కుని, వచ్చి చేరింది. ఇంకాస్త పైకి ఎత్తుకుంది. అక్కడికీ వచ్చింది. నేను తాళం తీసి జేబులో వేసుకుని, స్కూటర్ మీదే కూర్చుండిపోయాను.

కర్టెన్లు బాగా ఆలస్యంగా చేరాయి. ఇంటావిడ నిలదీస్తే, లిఫ్టు మధ్యలో ఆగిపోయిందండీ అన్నాను. వాళ్ళది గ్రౌండ్ ఫ్లోర్.